భర్త రానంటే ఒక్కరే కౌన్సెలింగ్‌కి వెళ్లొచ్చా?

"మా ఆయన రానంటున్నారు, నేనొక్కదాన్నే వెళ్తే లాభముందా?" అని అడిగారు. ఉంది. గొడవ ఇద్దరిదే అయినా, ఒకరు మాటతీరు మారిస్తే రెండోవారి జవాబూ చాలాసార్లు మారుతుంది. "నువ్వెప్పుడూ ఇంతే" అనే బదులు "ఆలస్యమైతే ఫోన్ చెయ్యవు, నాకు టెన్షన్‌గా ఉంటుంది" అనడం లాంటివి సెషన్‌లో సాధన చేయిస్తారు. తీర్పు చెప్పే పెద్దమనుషుల పంచాయితీ కాదది.

కూకట్‌పల్లిలోనైనా బంజారాహిల్స్‌లోనైనా బోర్డు చూసి వెళ్లిపోకండి; కౌన్సెలర్ అని ఎవరైనా రాసుకుంటారు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. అడగండి, మొహమాటం వద్దు. తర్వాత ఆయన కూడా వస్తే, మీరు విడిగా చెప్పినవి కౌన్సెలర్ ఆయన ముందు బయటపెడతారా లేదా అన్నది మొదటిరోజే తేల్చుకోండి.

ఇంట్లో చెయ్యి చేసుకుంటుంటే మాత్రం జంటగా కౌన్సెలింగ్‌కి కూర్చోవద్దు. ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.