సమాధానం: డాలస్‌లో ఐస్ స్టార్మ్, కరెంటు పోతే ఎలా?

ఇక్కడ ఇదే మీ మొదటి చలికాలం, కరెంటు పోతే బొగ్గుల గ్రిల్ గరాజ్‌లో పెట్టుకుని వండుకోవచ్చా అని అడిగారు కదండీ. గరాజ్ తలుపు ఎత్తి ఉంచినా సరే, వద్దు. బొగ్గులు కాలితే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయినప్పుడు, ఇంట్లో గ్రిల్ వెలిగించి, గరాజ్‌లో కారు స్టార్ట్ చేసి వెచ్చగా కూర్చుందామనుకున్నవాళ్లలో చాలామంది ఆసుపత్రి పాలయ్యారు, కొందరు పోయారు కూడా. ఆ వాయువును పసిగట్టి మోగే డిటెక్టర్ బ్యాటరీలు ఇవాళే మార్చండి.

ఇక నీళ్ల పైపులు, చలికి గడ్డకట్టి పగలకుండా చూసుకోవాలి. బయటి గోడవైపు సింకు కుళాయిని, వేడినీళ్లదీ చన్నీళ్లదీ రెండూ, సన్నగా కారేలా వదలండి. దాని కింద అల్మరా తలుపులు తెరిచి ఉంచితే గది వేడి పైపుకి తగులుతుంది. ఇంటి మొత్తానికీ నీళ్లు ఆపే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో వెలుతురుండగానే చూసుకోండి. చాలా ఇళ్లకు ముందు పచ్చికలో మూత కింద ఉంటుంది, మంచు పేరుకుంటే ఆ మూతే కనపడదు. పైపు పగిలాక వెతుక్కుంటే హాలంతా చెరువే.

తిండికి టెన్షన్ పడకండి. పులిహోర కలిపి పెట్టుకోండి, అటుకులు, పాలపొడి ఉంచుకోండి. బాబు కోసం ఫ్లాస్కులో వేడినీళ్లు. ఫ్రిజ్ మాటిమాటికీ తెరవకపోతే 4 గంటలు ఆగుతుంది. రాత్రికి అందరూ ఒకే గదిలో పడుకుని, తలుపు సందులో తువ్వాలు కుక్కండి.