తిరగబడేవాడి కాలి పుండు

చిరంజీవికి,

నీ నవల మొదటి నాలుగు అధ్యాయాలూ చదివాను. నియంత రాజ్యం బాగానే కట్టావు. కర్ఫ్యూ వేళలు, రేషన్ కార్డుల రంగులు, గోడల మీది పోస్టర్లు, అన్నీ కుదిరాయి. మనిషే ఇంకా రాలేదు. నీ కథానాయకుడు మూడో పేజీకే లేచి నిలబడి స్వేచ్ఛ గురించి ఉపన్యాసం మొదలెట్టాడు. అతనికి ఆకలి లేదు, అప్పు లేదు, ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు. అలాంటివాణ్ని పోలీసులు ఎత్తుకుపోయినా చదివేవాడికి చీమ కుట్టినట్టుండదు.

నియంత రాజ్యం మీదే జార్జ్ ఆర్వెల్ రాసిన నవల '1984' కాలేజీ రోజుల్లోనే చదివేశానన్నావు. మళ్లీ తియ్యి. ఈసారి రాజకీయం పక్కన పెట్టి, పెన్సిల్ పట్టుకుని, దాని కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ ఒక్కడి కోసం చదువు. మొదటి పేజీలో అతని గురించి మనకు తెలిసేదేమిటి? వయసు 39. లిఫ్టు పనిచెయ్యదు, ఏడంతస్తులు ఎక్కాలి. కుడి చీలమండ పైన వెరికోస్ పుండు, అంటే సిరలు ఉబ్బి పడే పుండు. అందుకే ఆగి ఆగి ఎక్కుతాడు. ఆదర్శాల ఊసు ఇంకా లేదు.

ఆ పుండును నవల పొడుగునా వెంబడించు. డైరీ ముందు కూర్చుని ఏం రాయాలో తోచనప్పుడు అది భరించలేనంత దురద పెడుతుంది. ప్రియురాలు జూలియాతో అద్దె గదిలో గడిపిన రోజుల్లో తగ్గిపోతుంది, గోధుమరంగు మచ్చ మాత్రం మిగులుతుంది. జైల్లో అద్దం ముందు నిలబెట్టినప్పుడు మళ్లీ రేగి, పొట్టు లేస్తూ కనబడుతుంది. ఆ తర్వాత దానికి మందు రాసి కట్టు కట్టేది ఎవరు? చిత్రహింసలు పెట్టినవాళ్లే. కథ ఎటు నడుస్తోందో ఆ పుండు చూసి చెప్పెయ్యొచ్చు. నీ పాత్రకూ ఇలాంటిదొకటి ఇవ్వు, కనీసం నాలుగు చోట్ల, నాలుగు స్థితుల్లో చూపించు. ఒకసారి చెప్పి వదిలేస్తే అది ఉత్త వర్ణన అయిపోతుంది.

ఇక డైరీ ఘట్టం. దీన్ని వాక్యం వాక్యం విప్పి చూడు. పాత సామాన్ల కొట్టులో రెండున్నర డాలర్లకు కొన్న పుస్తకం, మీగడరంగు నున్నటి కాగితం, పాతకాలపు పాళీ కలం. గదిలో మనిషిని అనుక్షణం కనిపెట్టి చూసే తెర, టెలిస్క్రీన్‌ను మామూలుగా ఉండే చోట కాక పొడుగు గోడకు బిగించారు కాబట్టి, ఓ మూల దాని చూపుకు అందదు. ఆ మూల, ఆ పుస్తకం, ఈ రెండే డైరీ రాయాలన్న ఊహ పుట్టించాయని ఆర్వెల్ తేల్చి చెబుతాడు. సిద్ధాంతం మాటే లేదు చూశావా! రాయడం మొదలెట్టాక కూడా ముందు వచ్చేది ఓ సినిమా కబురు. కాందిశీకుల ఓడ మీద బాంబులు పడటం, జనం పగలబడి నవ్వడం, అది బాగుందని మెచ్చుకుంటూ రాస్తాడు. ఆ వ్యవస్థ విషం అతని చేతిరాతలోనూ ఉందన్నమాట. పెద్దన్న అంటే ఆ రాజ్యాధినేత; 'పెద్దన్న నశించాలి' అని అరపేజీ నిండేలా రాసేది ఆ తర్వాత.

అప్పుడు తలుపు చప్పుడు. లేవబోతూ చూసుకుంటే పుస్తకం తెరిచే ఉంది, గది అవతల నుంచి కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలు. ఎందుకు మూయలేదు? తడి సిరా అంటుకుని ఆ మంచి కాగితం పాడవుతుందని! ప్రాణం పోయే వేళ కాగితం మీద మమకారం. విన్‌స్టన్ ఎవరో నాకు పూర్తిగా తెలిసింది ఈ ఒక్క వాక్యంలోనే. పైగా తలుపు తీస్తే వచ్చింది పోలీసులు కాదు, పక్కింటావిడ. సింకులో నీళ్లు పోవట్లేదట. అతను వెళ్లి గొట్టం విప్పి, అసహ్యించుకుంటూ జుట్టు ఉండ బయటికి లాగుతాడు. భయాన్ని ఆకాశానికెత్తి అంట్ల తొట్టిలో దించడమంటే ఇదీ.

నీ నాయకుడు ఏ ఉద్యోగం చేస్తాడో నాకింకా తెలియలేదు. విన్‌స్టన్ పాత పత్రికలు దిద్ది అబద్ధాలుగా మారుస్తాడు. అందులో దిట్ట. బతుకులో అతనికి అన్నిటికన్నా ఇష్టమైనది కూడా ఆ పనే. ఓగిల్వీ అనే వీరుణ్ని గాలిలోంచి పుట్టిస్తాడు. మూడేళ్లకే డప్పు, తుపాకి, హెలికాప్టర్ బొమ్మలు తప్ప మరేదీ ముట్టనివాడు, 23 ఏళ్లకు హిందూ మహాసముద్రం మీద చనిపోయినవాడు. ఈ కల్పన చేస్తున్నప్పుడు విన్‌స్టన్‌కు సిగ్గు లేదు, పనివాడి హుషారు ఉంది. చేతికి మసి అంటనివాడు తిరగబడితే అందులో వింతేముంది?

తిరుగుబాటుదారులు ఇద్దరుంటే ఇద్దరినీ ఒకే గొంతుతో మాట్లాడించకు. నీ రెండో అధ్యాయంలో పేర్లు చెరిపేస్తే ఎవరి మాట ఎవరిదో నాకు పోల్చుకోవడం కుదరలేదు. 26 ఏళ్ల జూలియా లెక్క వేరు: చిన్న నియమాలు పాటిస్తే పెద్దవి తప్పొచ్చు. అందుకే ఎర్ర పట్టీ కట్టుకుని ఊరేగింపుల్లో ముందుంటుంది, దొంగచాటుగా అసలైన కాఫీ, చక్కెర, జామ్ తెస్తుంది. లండన్ మీద పడే రాకెట్ బాంబులు ప్రభుత్వమే వేస్తోందేమో అని తేలిగ్గా అనేస్తుంది. విన్‌స్టన్‌కు ఎన్నడూ తట్టని సంగతది. కానీ అతను ప్రాణప్రదంగా చదివి వినిపించే నిషిద్ధ గ్రంథం మధ్యలో నిద్రపోతుంది. నిజం చెప్పాలంటే అక్కడ నా ఓటు జూలియాకే. ఆ గ్రంథ భాగాలు బాగా పొడవు. అమెరికాలో ఓ పుస్తకాల క్లబ్బు వాటిని తీసెయ్యమంటే ఆర్వెల్ ససేమిరా అన్నాడు. ఆయనకు చెల్లింది, నీ మొదటి నవలలో అలాంటిది ఒక పేజీ దాటనివ్వకు.

పతనానికి విత్తనాలు ముందే చల్లాలి. రెండో భాగంలో, తిరుగుబాటుదారుడిగా నటించే అధికారి ఓబ్రయన్ ఇంట్లో ప్రమాణం ఘట్టం చూడు. పసివాడి మొహాన యాసిడ్ పోస్తావా అంటే పోస్తానంటాడు విన్‌స్టన్. అన్నిటికీ సరేనంటాడు. ఇద్దరూ విడిపోయి మళ్లీ కలవకూడదంటే మాత్రం జూలియా వెంటనే వద్దంటుంది, అతను చాలాసేపు తడబడి వద్దంటాడు. మూడో భాగంలో రెండు బాకీలూ వసూలవుతాయి. నీకన్నా నేను నైతికంగా మేలని విన్‌స్టన్ అనుకున్నప్పుడు, తనను హింసిస్తున్న ఓబ్రయన్ ఆ రాత్రి రికార్డింగ్ వినిపిస్తాడు. ఖైదీని అతను అన్నిటికన్నా భయపడేదానితోనే హింసించే 101వ గదిలో ఎలుకల పంజరం మొహం దాకా వచ్చేసరికి, వదులుకోనన్న ఆ మనిషి మీదికే దాన్ని తోసెయ్యమని తనే అరుస్తాడు. ఎలుకలు కూడా హఠాత్తుగా రాలేదు. అద్దె గదిలో కన్నంలోంచి ఒకటి తొంగిచూసినప్పుడే పాలిపోయాడు.

నీ పోలీసు అధికారి మాత్రం ఉత్త బండవాడు, అరుస్తాడు, మీసం దువ్వుతాడు. అంతకన్నా తెలివైనవాడు కావాలి. ఎవరైనా ముట్టుకుంటే తెలియాలని విన్‌స్టన్ డైరీ అట్ట మూల ఓ తెల్లటి దుమ్ము రేణువు పెడతాడు. ఏడేళ్లుగా తనను కనిపెట్టి చూస్తున్నవాళ్లు ఆ రేణువును కూడా జాగ్రత్తగా మళ్లీ అదే చోట పెట్టారని అతనికి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. దెబ్బ కొట్టడం కన్నా ఆ రేణువే నాకు ఎక్కువ భయం పుట్టించింది.

ముందుగా మూడో పేజీ ఉపన్యాసం కొట్టెయ్యి. ఆ స్థానంలో నీవాడు పొద్దున ఆఫీసుకెళ్లి తన బల్ల దగ్గర చేసే పని రాయి: ముందు ఏ కాగితం అందుకుంటాడు, దాన్ని ఏం చేస్తాడు, అందులో దేనికి గర్వపడతాడు. రెండు పేజీలు మించకుండా రాసి పంపు. మిగతా అధ్యాయాలు ఇప్పుడే పంపకు.

ఆశీస్సులతో.