ర్యామ్ ముందా, ఎస్‌ఎస్‌డీ ముందా?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ 2018లో కొన్నది. ఐ3 ఏడో జనరేషన్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. పొద్దున్నే దాన్ని ఆన్ చేసి పొయ్యి మీద పాలు పెడితే, పాలు పొంగుతాయి గానీ ఇది తెరుచుకోదు. ఒక షాపులో ర్యామ్ పెంచమన్నారు, ఇంకో షాపులో ఎస్‌ఎస్‌డీ వేయించమన్నారు. ఈ నెల ఒక్కదానికే డబ్బులున్నాయి. ఏది చేయించమంటారు సార్?
- ఒక ట్యూషన్ టీచర్, తణుకు

జవాబు: టీచర్ గారూ, ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. అయినా ముందు ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వేసే, చిప్‌లతో పనిచేసే డిస్క్) వేయించండి. నా మాట మీద కాదు, ల్యాప్‌టాప్‌నే అడిగి చూడండి.

రేపు ఆన్ కాగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. మీరింకా ఏదీ తెరవకముందే ‘డిస్క్’ గడిలో అంకె 100 శాతం దగ్గర నిమిషాల తరబడి కదలకుండా ఉందా? ఆలస్యం అక్కడే. తర్వాత రోజూ చేసే పనే చేయండి: క్రోమ్‌లో పది ట్యాబ్‌లు, పక్కన జూమ్ క్లాసు. ఇప్పుడు ‘మెమరీ’ (అంటే ర్యామ్) గడి చూడండి. 90 దాటితే ర్యామ్ కూడా చాలట్లేదు. 4 జీబీకి దాటకుండా ఉండటం కష్టమే, అందుకే ఆ షాపాయన అలా అన్నాడు.

ర్యామ్ నిండితే విండోస్ కొంత సరుకును డిస్క్ మీదకు తోసి, కావాల్సినప్పుడు మళ్ళీ తెచ్చుకుంటుంది. వంటగట్టు చాలక సామాను అటకెక్కించినట్టు. మీ అటకకేమో నిచ్చెన వేయాలి. హార్డ్ డిస్క్‌లో పళ్ళెం గిరగిరా తిరుగుతుంటే (ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా నిమిషానికి 5,400 సార్లు) ఒక్కో ముక్కనూ వెతికి చదవాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. అందుకే ర్యామ్ తక్కువైనా ఆ నొప్పి బాగా తగ్గుతుంది. అదే ర్యామ్ మాత్రమే పెంచితే, ఆన్ అయ్యేటప్పుడు విండోస్ మొత్తం ఆ పాత పళ్ళెం మీద నుంచే రావాలి.

ఇది నేను తిట్లు తిని నేర్చుకున్న పాఠం. మా బావగారి ల్యాప్‌టాప్‌లో ముందు ర్యామే వేశాను. ఆన్ చేసి, చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నారాయన. "నాలుగు నిమిషాలు. దీనికా డబ్బులు తీసుకున్నావు?" అన్నారు. మర్నాడు నా ఖర్చుతో ఎస్‌ఎస్‌డీ వేశాక గడియారం చూసే పని పడలేదు.

షాపులో 2.5 అంగుళాల సాటా (డిస్క్‌ను తగిలించే కనెక్షన్ రకం) ఎస్‌ఎస్‌డీ అడగండి. 256 జీబీ చాలు. పాత డిస్క్‌ను యూఎస్‌బీ కేసులో పెట్టించుకుంటే ఫొటోలు, ప్రశ్నపత్రాలు అందులోనే ఉంటాయి. అయితే స్క్రూ విప్పకముందే వాటిని పెన్‌డ్రైవ్‌లోకో ఇంకెక్కడికో కాపీ చేసుకోండి. "ఏం కాదమ్మా" అంటారు, నమ్మొద్దు.

ఇంకో సంగతి. మీ ఏడో జనరేషన్ ఐ3, విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే జాబితాలో లేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. కాబట్టి ఈ మెషీన్ మీద మరీ ఎక్కువ పెట్టకండి. రేపు కొత్తది కొన్నా, ఈ ఎస్‌ఎస్‌డీని తీసి యూఎస్‌బీ కేసులో పెట్టి వాడుకోవచ్చు. దీనికోసం కొన్న ర్యామ్ ముక్క మాత్రం డీడీఆర్5 (కొత్త రకం ర్యామ్) ల్యాప్‌టాప్‌లో అసలు పట్టదు.