భాకరాపేట ఘాట్ ఎక్కబోయే మనవరాలికి

భాకరాపేట,
కనుమ పోయిన మూడో రోజు.

పాపా,

మీ అయిదుగురూ సైకిళ్ళ మీద తలకోన జలపాతానికి పోయిరావాలని నువ్వు పంపిన మ్యాపును మీ అవ్వ ఫోనులో పెద్దది చేసుకుని మరీ చూశాను. తిరుపతి నుంచి తలకోనకు ఒక గీత ఉంది. తలకోన నుంచి అడవికి అడ్డంపడి, కొండ దాటి, రైల్వే కోడూరు వైపు దిగే గీత ఇంకొకటి ఉంది. మొదటిది రోడ్డు. రెండోది రోడ్డు కాదు తల్లీ, కాలిబాట. శివరాత్రికి అటు పల్లెల జనం గుంపులు కట్టి తలకోన సిద్ధేశ్వరుడి దగ్గరకు నడిచొచ్చే అడవి దారి అది. 2025లో అలా శివరాత్రికి వస్తున్న భక్తుల మీద గుండాలకోన దగ్గర ఏనుగులు పడి ప్రాణాలు పోయాయి. ఫోనుకు ఇవన్నీ ఏం తెలుసు, దానికి రెండూ గీతలే. ఆ రెండో గీత చెరిపేయ్. ఆ తర్వాతే మిగతా మాటలు.

ముప్పయ్యేళ్ళకు పైగా ఈ ఊళ్ళో టపా సంచి తగిలించుకుని సైకిలు తొక్కాను. నా హెర్క్యులిస్‌కి గేర్లు లేవు, ఉన్నదల్లా కూత పెట్టే బెల్లు. నీ బండికేమో ఇరవై చిల్లర గేర్లంటివి. కొండ మాత్రం ఇద్దరికీ ఒకటే కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

మీరు వేసుకున్న లెక్కే ముందు తప్పు. తలకోన తిరుపతికి అరవై కిలోమీటర్లు, పోయిరావడానికి నూటిరవై, బెంగుళూరులో వంద తొక్కాం కదా, ఒక్క రోజులో అయిపోతుంది అన్నావు. బెంగుళూరులో తొక్కిన వందను ఇక్కడ కొలతగా పెట్టుకోకు. పొద్దున పోతే మధ్యాహ్నానికి తలకోన చేరతారు. వచ్చిన వాళ్ళు జలపాతం చూడకుండా ఉంటారా? 270 అడుగుల నుంచి పడే నీళ్ళు, సంక్రాంతి నాటికి సన్నబడినా చూడబుద్ధేస్తుంది. తిండి తిని, ఫోటోలు తీసుకుని బయల్దేరేసరికి మూడు. భాకరాపేట చేరేసరికి అయిదు. అంటే ఘాట్ దిగేది మసక చీకట్లో, కాళ్ళలో సత్తువ అయిపోయాక, వెనకాల లోడు లారీలు తరుముతుంటే. ఈ ప్రయాణం మొత్తంలో చేయకూడని పని ఒకటే ఉంటే అది ఇదే.

అందుకని రెండు రోజులు పెట్టుకోండి. శనివారం రాత్రికి మన ఇంట్లో పడుకుని, ఆదివారం ఎండ వచ్చి రోడ్డు ఆరిన తర్వాత, ఏడున్నర ఎనిమిదికి ఘాట్ దిగండి.

దారి సంగతి. శనివారం ఆరున్నరకు తిరుపతిలో బయల్దేరండి. అంతకు ముందు వద్దు, ఈ నెలలో ఆరున్నర దాటితే గానీ సరిగ్గా తెల్లారదు. చంద్రగిరి కోట ఎడమ చేతి పక్క కనబడుతుంది, ఆగవద్దు, అది ఇంకోసారి. శ్రీనివాసమంగాపురం దాటి రంగంపేట వరకు దాదాపు చదునే. అక్కడ టీ తాగండి. నెమ్మదిగా తొక్కితే అక్కడికి రావడానికి గంటన్నర పడుతుంది, పట్టనీ. మొదట్లో తొందరపడ్డవాడే ఘాట్ మధ్యలో బండి దిగి తోస్తాడు. (మీరు కనుమ నాడు రాకపోవడం మంచిదైంది. ఆ రోజు రంగంపేటలో పశువుల పండగ. కోడెలు వీధిలో పరుగెత్తుతుంటే సైకిలు ఎటు తిప్పుతావు?) కల్యాణి డ్యాం కూడా అక్కడికి దగ్గరే. మీలో ఎవరికైనా రంగంపేటకే కాళ్ళు పట్టేస్తే సిగ్గుపడకుండా డ్యాం దాకా పోయి, చూసి, వెనక్కి తిరగమను. మొదటిసారి కొండకు వచ్చినవాళ్ళకు అది చాలు, నిజంగా.

ఆ తర్వాత భాకరాపేట ఘాట్ మిట్ట మొదలవుతుంది. గేరు మిట్ట రాకముందే మార్చుకోవాలి. కాలు బిగిశాక మారిస్తే చైను కరకరమని ఊడుతుంది. ఊడిందంటే ఆ వాలులో మళ్ళీ ఎక్కి కదలడం పెద్ద పని. ఊపిరికి ఒక గుర్తు చెప్తాను: తొక్కుతూ పక్కవాడితో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే వేగం తగ్గించు. అయిదుగురూ ఒకే వరసలో, ఒకరికొకరు బాగా ఎడంగా రండి. పక్కపక్కన కబుర్లు వద్దు. మలుపులో బస్సు లోపలి అంచు కోస్తూ వస్తుంది, దానికి మీరు కనబడరు. వెనకనుంచి హారన్ వినిపిస్తే అదాటుగా మట్టిలోకి దిగొద్దు, తారు అంచు చాలాచోట్ల జానెడు ఎత్తుంటుంది. నీ గీత మీద నువ్వు పో, వాడే చూసుకుంటాడు. చెవుల్లో పాటలు పెట్టుకుంటే మాత్రం నా మీద ఒట్టే.

ఇక దిగడం. ఇది కొంచెం ఎక్కువ రాస్తాను, విసుక్కోకు.

నా పెళ్ళయిన కొత్తలో చంద్రగిరిలో ఒక పెళ్ళికని ఈ ఘాట్ దిగాను. వెనక బ్రేకు ఒక్కటే పట్టి, వదలకుండా, రెండు మైళ్ళు అలాగే నొక్కుకుంటూ పోయాను. రిమ్ము కాలిపోయింది. ట్యూబుకు పాత ప్యాచ్ ఉంటే, వేడికి సొల్యూషన్ కరిగి అది జారిపోయింది. గాలి పుస్సుమంది, బండి ఎడమకు ఈడ్చింది, నేను కాలవలో. మోచేతి మీద మచ్చ నువ్వు చిన్నప్పుడు అడిగేదానివి కదా, పులి గీరిందని చెప్పేవాణ్ణి. పులి కాదు, ప్యాచ్.

కాబట్టి బ్రేకు పట్టి ఉంచకు. పట్టు, వదులు, మళ్ళీ పట్టు. మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకో, మలుపులో పట్టకు. రెండు బ్రేకులూ వాడు, ముందుది మెల్లగా. ఒళ్ళు కాస్త వెనక్కి జరిపి, మలుపు బయటి వైపు పెడల్ కిందకు ఉంచు. కళ్ళు గుంట మీద పెట్టకు, నువ్వు పోవాల్సిన చోట పెట్టు. గుంటను చూస్తే బండి గుంటలోకే పోతుంది, ఎందుకో గానీ అంతే. డిస్కు బ్రేకులైనా వేడెక్కుతాయి. మధ్యలో ఎక్కడైనా వెడల్పు చోటు చూసి రెండు నిమిషాలు ఆపు, డిస్కును వేలితో తాకి చూడకు. పాత ప్యాచ్ ఉన్న ట్యూబుతో రావద్దు, అయిదుగురికీ కొత్త ట్యూబులు వేయించు.

భాకరాపేట నుంచి నెరబైలు మీదుగా తలకోనకు ఇరవై పైచిలుకు. బండ్ల తాకిడి తక్కువ, రోడ్డు సన్నం, నీడ ఎక్కువ. నిజానికి నాకు ఈ ముక్కే ఇష్టం. చెట్ల మధ్య ఏదో పరుగెత్తి ఆగిందంటే నువ్వూ ఆగు, దుప్పి అయ్యుండొచ్చు. తలపైకి చూస్తూ ఉంటే బెట్టుడుత కనబడొచ్చు, తోక మూరెడుంటుంది. రాత్రి తిరిగే దేవాంగపిల్లి మీ కంట పడదు గానీ, దాని అడవిలో తిరుగుతున్నామన్న సంగతి గుర్తుంటే చాలు. ఈ కొండలన్నీ కలిపి 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్ అన్నారు, 4,755 చదరపు కిలోమీటర్లు. తలకోన దగ్గర గిల్లతీగ ఒకటి ఉంది, చెట్ల మీద చెట్లు ఎక్కుకుంటూ పోయిన తీగ. జలపాతం కంటే ముందు దాన్ని చూడు.

చెక్‌పోస్టులో టిక్కెట్టు తీసుకో, ఎన్నింటికి గేటు మూస్తారో అడుగు. తారు రోడ్డు దిగి ఏ బండిబాటలోకీ పోకు. ఏనుగు, ఎలుగు ఒక భయం, ఇంకొకటి ఎర్రచందనం. ఈ కొండల్లో పెరిగే ఆ దుంగల కోసం ఎంత గొడవో నీకు తెలుసు. సంచులు తగిలించుకుని అడవిలోపల కనబడిన ఎవరినైనా అధికారులు ఆపి అడుగుతారు, అడగాలి కూడా. రిజర్వ్ అడవిలోకి అనుమతి లేకుండా పోవడం నేరం. ఆ టెన్షన్ మీకెందుకు. అక్కడి కోతులకు సైకిలు సంచి జిప్పు తీయడం వచ్చు, హ్యాండిల్‌కి తిండి తగిలించి నీళ్ళ దగ్గరకు పోకండి. జలపాతం కింది గుండంలో దిగి ఈత వద్దు. బండలు పాకుడు పట్టి ఉంటాయి, లోతు పైకి తెలీదు.

రోడ్డు మీదే ఏనుగు కనబడితే? ఈ మధ్య చంద్రగిరి పక్క పొలాల్లో కూడా పడుతున్నాయి. ఫోను తీయకు, బెల్లు కొట్టకు, అరవకు. దూరంగా ఉన్నప్పుడే బండి తిప్పి, వచ్చిన దారిన పో. ఏదైనా బస్సు వచ్చేదాకా ఆగు. తలకోన అడవి దారిలో పగలు పది నుంచి నాలుగు మధ్య తిరిగితే ఇవన్నీ చాలావరకు తప్పుతాయి.

తెచ్చుకోవాల్సినవి: ఒక్కొక్కరికి ఒక ట్యూబు, అందరికీ కలిపి ఒక పంపు, టైరు విప్పే పుల్లలు, చైను లింకు. మీ ట్యూబులకు సన్న వాల్వ్ అయితే దానికి తగిలించే చిన్న ఇత్తడి బిళ్ళ మరిచిపోవద్దు, అది లేకపోతే ఇక్కడి పంక్చర్ షాపులో గాలి ఎక్కదు. నీళ్ళు మనిషికి రెండు లీటర్లు. పౌడర్ల పొట్లాలు నాకు తెలీవు. మేము బెల్లం, చెనిక్కాయలు, ఉప్పేసిన మజ్జిగతో బతికాం. గంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలి, ఆకలయ్యేదాకా ఆగితే ఘాట్‌లో కళ్ళు తిరుగుతాయి. వెనక ఎర్ర లైటు పగలు కూడా వేసే ఉంచండి.

కాళ్ళకు తయారీ కావాలంటే ఈ రెండు వారాలూ అలిపిరి మెట్లు ఎక్కు. 3,550 మెట్లు, పగటిపూట, గుంపుతో. దిగేటప్పుడు మోకాళ్ళు చెడగొట్టుకోకుండా బస్సులో రా. తిరుమల ఘాట్‌కి సైకిలు తీసుకుపోవాలని మీలో ఒకడు అన్నాడట. 1944లో వేసిన పాత రోడ్డు మీద దిగే బండ్లు, 1974 నాటి కొత్త రోడ్డు మీద ఎక్కే బండ్లు, రెండూ ఎప్పుడూ నిండే ఉంటాయి. స్వామి దగ్గరకు నడిచి పొమ్మను.

ఇది బాగా జరిగితే వచ్చే ఏడు పీలేరు, వాయల్పాడు, మదనపల్లె మీదుగా హార్స్‌లీ కొండలు చూద్దాం. 1,200 మీటర్లకు పైనే, చివర తొమ్మిదో పదో కిలోమీటర్లు ఏకబిగిన మిట్ట. అక్కడ 1859లో నాటిన యూకలిప్టస్ చెట్టు ఇంకా ఉంది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి మాత్రం అడగకు. అది ఏనుగుల ఇల్లు, నేను ఒప్పుకోను.

శనివారం మధ్యాహ్నం తిండికి తలకోనలో ఏం దొరుకుతుందో నమ్మకం లేదు, పొద్దున పదింటికి ఇటు వచ్చినప్పుడే ఏదో ఒకటి తిని పొండి. రాత్రికి సంకటి, ఊరుబిండి, నాటుకోడి పులుసు అంటోంది మీ అవ్వ. కోడి తిననివాళ్ళు ఎవరున్నారో గురువారం లోపల చెప్పు. రాగులు మరకు ఇవ్వాలి.

ఆశీస్సులతో,
తాత