రసీదుల కవరు పక్కన పెట్టు తమ్ముడూ

అద్దె రసీదులు, ఎల్‌ఐసీ ప్రీమియం కాగితాలు జాగ్రత్తగా దాచానని, వాటిమీద ఎంత డిడక్షన్ వస్తుందని అడిగావు. అమెరికా ఫెడరల్ పన్నులో వాటికి ఒక్క డాలరు కూడా రాదు. ఈ ముక్క నాకు మొదట్లో చెప్పినవాళ్లు లేకే దెబ్బతిన్నాను.

నేను హెచ్-1బీ మీద డల్లాస్‌లో దిగింది 2011 అక్టోబరులో. మరుసటి ఏడాది లెక్కలు చూసేసరికి బుర్రలో ఇంకా మన దేశంలో పన్ను తగ్గించే 80సీ, హెచ్‌ఆర్‌ఏలే ఉన్నాయి. కవరు నిండా రసీదులు పట్టుకుని, రూమ్మేట్లు వెళ్తున్న ప్రిపేరర్, అంటే పన్ను రిటర్నులు నింపిపెట్టే ఆయన దగ్గరికే వెళ్లాను. ఆయన కవరు విప్పనైనా లేదు. "రిఫండ్ సంగతి నాకొదిలేయండి" అన్నాడు. 2012కి పెళ్లికానివాళ్ల స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఏ రసీదూ చూపకుండానే ఆదాయంలోంచి తగ్గించుకునే మొత్తం, 5,950 డాలర్లు. దాన్ని వదిలేసి ఐటమైజ్ చేసి, అంటే ఖర్చులు విడివిడిగా చూపించి, నేనివ్వని విరాళాలు, పెట్టని ఖర్చులు రాసి 10,950కి తేల్చాడు. నాది 25 శాతం శ్లాబు, అంటే 1,250 డాలర్లు అదనంగా వచ్చాయి. చదవకుండానే సంతకం పెట్టాను. వచ్చిన డబ్బు వచ్చినట్టే ఇంటికి పంపేశాను.

ఏడాదిన్నరకి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి ఉత్తరం వచ్చింది, రుజువులు పంపమని. ఆ రాత్రి కవరు కార్పెట్ మీద బోర్లించి ఒక్కొక్క కాగితం వెతికాను. విరాళం కింద దొరికింది గుడిలో ఇచ్చిన 51 డాలర్ల రసీదు ఒక్కటే. 1,250 వెనక్కి కట్టాను, దానిమీద 20 శాతం జరిమానా, పైన వడ్డీ. ప్రిపేరర్ ఫోనెత్తలేదు. ఎవరు నింపినా సంతకం పెట్టినవాడిదే బాధ్యత.

ఇప్పటి పిల్లలు కోడ్ రాసినంత శ్రద్ధగా తమ పేస్లిప్ చదవరు. వెయ్యి డాలర్ల డిడక్షనంటే వెయ్యి మిగలడం కాదు, పన్ను పడే ఆదాయం వెయ్యి తగ్గడం. 22 శాతం శ్లాబులో మిగిలేది 220. అదే పన్ను క్రెడిట్ అయితే నేరుగా పన్నులోంచే పోతుంది. 2025కి స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కరికి 15,750, దంపతులు కలిపి వేస్తే 31,500. సొంతిల్లు కొనేదాకా మనలో చాలామంది ఖర్చులు దాన్ని దాటవు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీదున్న మీ చెల్లెలికి చెప్పు, పన్ను లెక్కల్లో నాన్‌రెసిడెంట్లయినవాళ్లకి మామూలుగా ఈ స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు కానీ భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ కింద మన విద్యార్థులకి ఉంది. మిగతా నిబంధనలు ఐఆర్‌ఎస్ సైట్లో చూసుకోవచ్చు.

నన్ను ఇప్పటికీ కెలికేది ఆ జరిమానా కాదు. "ఎలాగూ తిరిగి వెళ్లిపోతాం కదా" అని రెండేళ్లు 401 కెలో, అంటే కంపెనీ ద్వారా జీతంలోంచి వేసుకునే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో, పైసా వేయలేదు. నేను వేసుంటే 70,000 జీతం మీద కంపెనీ తన వంతుగా 4 శాతం కలిపేది, దీన్నే మ్యాచ్ అంటారు. రెండేళ్లకి 5,600 డాలర్లు, ఊరికే వదిలేశాను. నువ్వు 401 కెలో వేసేది స్టాండర్డ్ డిడక్షన్‌తో సంబంధం లేకుండా పన్ను పడే ఆదాయంలోంచి తగ్గుతుంది, తిరిగి వెళ్లిపోయినా ఆ సొమ్ము నీదే. కంపెనీ కలిపిన వాటా నీ పేరు మీదికి రావడానికి ఎన్నేళ్లు పనిచేయాలో మాత్రం కనుక్కో.

రేపు పొద్దున హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి మ్యాచ్ ఎంతో అడుగు. అంతవరకైనా వేసి, ఆ తర్వాతే ఇంటికి ఎంత పంపాలో లెక్కేసుకో.