30 మంది స్కూలు పిల్లలకు ఒక్కరోజు రోబోటిక్స్ వర్క్‌షాప్: ఏమేం సిద్ధం చేసుకోవాలి?

మీ ప్రశ్న ఇది: ఇంజినీరింగ్ విద్యార్థులు ఆరుగురు కలిసి 8, 9 తరగతుల పిల్లలు 30 మందితో ఆరు గంటల్లో గీత వెంట నడిచే రోబోను చేయించగలరా? చేయించగలరు. కాకపోతే బిగింపులోనే పొద్దు గూకిపోతే పిల్లలకు దక్కేది స్క్రూలు తిప్పిన జ్ఞాపకమే. రోబో దారి తప్పితే ఎందుకు తప్పిందో వాళ్లే వెతికి పట్టుకోవాలి. దానికి రెండు గంటలు ముందే పక్కన పెట్టేయండి, మిగతా పనులన్నీ ఆ తర్వాతే సర్దుకోండి.

ముగ్గురికి ఒక కిట్ ఇవ్వండి. నలుగురైతే ఒకరు చూస్తూ కూర్చుంటారు. అంటే 10 కిట్లు, వాటికి తోడు బిగించి నడిపి చూసినవి మరో రెండు. ఒక్కో దాంట్లో ఆర్డ్యునో ఊనో (ప్రోగ్రామ్ ఎక్కించే చిన్న బోర్డు), ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్ (ఆర్డ్యునో చెప్పినట్టు మోటార్లకు కరెంటు ఇచ్చే బోర్డు), పసుపురంగు బీఓ మోటార్లు (గేర్లున్న చిన్న మోటార్లు) రెండు, చక్రాలు, క్యాస్టర్ (ఎటైనా తిరిగే చిన్న చక్రం), గీతను పసిగట్టే ఐఆర్ (పరారుణ కాంతి) సెన్సర్లు రెండు, స్విచ్, జంపర్ వైర్లు ఉండాలి. మోటార్లకు వైర్లు ముందురోజే మీరే సోల్డర్ చేసి, పైన హాట్ గ్లూ చుక్క వేయండి. అక్కడి రాగి రేకు మరీ పల్చన, వైరు నాలుగుసార్లు అటూ ఇటూ వంగితే విరిగిపోతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది బ్యాటరీ దగ్గర. చిన్న పెట్టెలా ఉండే 9 వోల్టుల బ్యాటరీ వద్దే వద్దు. దాని అంతర్నిరోధం ఎక్కువ, అందుకే మోటార్లు కదలగానే వోల్టేజీ పడిపోయి ఆర్డ్యునో పదేపదే రీసెట్ అవుతుంది. పిల్లలేమో తప్పు ప్రోగ్రామ్‌లో ఉందనుకుని వెతుకుతుంటారు. రీచార్జబుల్ నికెల్ ఏఏ సెల్స్ నాలుగు పెడితే వచ్చేది 4.8 వోల్టులు. అందులో ఎల్298ఎన్ ఒక్కటే సుమారు 2 వోల్టులు మింగేస్తుంది. అలాంటి నికెల్ సెల్స్ ఆరు పెడితే 7.2 వోల్టులు వస్తాయి, సరిపోతుంది. విడి లిథియం సెల్స్ మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, షార్ట్ అయితే ప్రమాదం. మోటార్ డ్రైవర్ గ్రౌండ్‌నీ (మైనస్ వైపు) ఆర్డ్యునో గ్రౌండ్‌నీ కలపడం మర్చిపోతే మోటార్లు తోచినట్టు తిరుగుతాయి, లేదా కదలనే కదలవు. డ్రైవర్ మీది ఎనేబుల్ జంపర్లు (పిన్నుల మీద తొడిగిన చిన్న ప్లాస్టిక్ టోపీలు) తీయకపోతే ప్రోగ్రామ్‌లో వేగం ఎంత తగ్గించినా లాభం లేదు.

ఆర్డ్యునోను ల్యాప్‌టాప్‌కు కలిపే యూఎస్‌బీ కేబుళ్లన్నిటితో ఒక్కోసారి ప్రోగ్రామ్ ఎక్కించి చూసుకోండి, ఛార్జింగ్‌కు తప్ప పనికిరానివి వాటిలో కలిసిపోతుంటాయి. స్కూలు కంప్యూటర్లలో ఆర్డ్యునోకు కావలసిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడానికి అనుమతి ఉండకపోవచ్చు, కాబట్టి ల్యాప్‌టాప్‌లు మీరే తీసుకెళ్లండి. ఆర్డ్యునో 0, 1 పిన్నులకు వైర్లు పెట్టనివ్వకండి, అప్‌లోడ్ ఆగిపోతుంది. ప్రోగ్రామ్ మొత్తం టైప్ చేయించాల్సిన పనిలేదు. నాలుగు ఖాళీలు వదిలిన ప్రోగ్రామ్ ఇచ్చి, ఆ ఖాళీలు వాళ్లతో పూరింపజేయండి.

అసలైన పాఠం సెన్సర్ దగ్గరే ఉంది, అక్కడ తొందరపెట్టకండి. ఐఆర్ ఎల్ఈడీ వెలుతురు కంటికి కనబడదు. చాలా ఫోన్ల ముందు కెమెరాలో మాత్రం లేత ఊదారంగు చుక్కలా కనిపిస్తుంది, ముందు అది చూపించండి. తర్వాత సెన్సర్‌ను నేలకు సెంటీమీటరు లోపు ఎత్తులో బిగించి, కింద తెల్ల కాగితాన్నీ నల్ల టేపునూ మార్చి మార్చి జరుపుతూ, సెన్సర్ బోర్డు మీది చిన్న నీలిరంగు పెట్టెలో ఉన్న స్క్రూను మెల్లగా తిప్పమనండి. తెలుపు మీద ఇండికేటర్ వెలగాలి, నలుపు మీద ఆరాలి. కిటికీ పక్క ఎండ పడే చోట ఇది కుదరదు, ఎండలోనూ ఐఆర్ ఉంటుంది మరి. మార్కర్‌తో గీసిన గీతను కూడా నమ్మొద్దు, కొన్ని నల్ల సిరాలు ఐఆర్‌కు తెల్లగానే కనిపిస్తాయి. మెరుపు లేని నల్ల టేపు వాడండి.

రోబో గీత తగలగానే బయటికి పారిపోతోందా? రెండు సెన్సర్ల వైర్లు తారుమారయ్యాయి. వంపు దగ్గర దాటిపోతోందా? వేగం ఎక్కువ, ప్రోగ్రామ్‌లో వేగం అంకెను (0 నుంచి 255 దాకా ఉంటుంది) 120 దగ్గర మొదలుపెట్టించండి. రెండు మోటార్లకూ ఒకే అంకె ఇచ్చినా ఒక పక్కకు లాగుతుంటే కంగారు పడొద్దు, ఏ రెండు మోటార్లూ ఒకేలా ఉండవు. ఈ జవాబులు మీకు తెలిసినా చెప్పేయకండి. "ఏ చక్రం ఆగింది? అప్పుడు ఏ సెన్సర్ వెలిగింది?" అని అడగండి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి.

అరగంటకోసారి పాత్రలు మార్చండి: ఒకరు వైర్లు, ఒకరు ల్యాప్‌టాప్, ఒకరు పరీక్షలు. మార్చకపోతే చొరవ ఉన్నవాళ్లే అన్నీ లాక్కుంటారు, ఆడపిల్లలకు నోట్సు రాసే పని అంటగడతారు. ఇది చాలా చోట్ల జరుగుతుంది, కనిపించగానే ఆపండి.

సైన్సు టీచర్ని కూడా ఒక బృందంలో కూర్చోబెట్టండి. వెళ్లేటప్పుడు రెండు కిట్లు, వైరింగ్ బొమ్మ, విడి మోటార్లు రెండు, సెల్స్ ఛార్జర్ ఆ టీచర్ చేతికే ఇచ్చి రండి.