నెట్ బిల్లు సరే, జ్వరం బిల్లు సంగతేంటి?

ప్రశ్న: మాది హన్మకొండ. ప్రైవేటు ఉద్యోగం, చేతికి 38,000 వస్తుంది. నా భార్య ఇంట్లో బ్లౌజులు కుట్టి నెలకు ఓ 6,000 సంపాదిస్తుంది. వైఫైకి జీఎస్టీతో 1,179, మూడు ఫోన్లకు ఒక్కోదానికి 299 రీఛార్జి. నెట్ ఖర్చు ఆదాయంలో 2 శాతం దాటకూడదని చదివాను. మాది దాదాపు 5 శాతం. అంటే మేం మధ్యతరగతి లెక్కలోకి రామా? వైఫై తీసేయాలా? రెండు ఫోన్లు, టీవీ ఈఎంఐలు 8,400 పోతున్నాయి. పాపకు డెంగ్యూ వచ్చినప్పుడు తీసుకున్న యాప్ లోన్ ఇంకా మూడు కిస్తీలుంది. అన్నీ ఒకేసారి తీర్చేయడానికి అదే యాప్ 1.5 లక్షలు ఇస్తానంటోంది. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. ముందు ఈ మాట చెప్పేసి మిగతావి మాట్లాడుకుందాం.

మీరు చదివిన 2 శాతం ఇంటి బడ్జెట్ కోసం పెట్టింది కాదు. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో కనీస స్థాయి ఇంటర్నెట్ ధర తలసరి నెల ఆదాయంలో 2 శాతం లోపు ఉండాలని ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ 2018లో పెట్టుకున్న లక్ష్యం అది. ఓటీటీలు కలిపిన మీ వైఫై ప్లాన్‌ని దాంతో కొలవకూడదు. 2016లో జియో వచ్చాక మన దగ్గర డేటా ఎంత చౌకయిందో తెలిసిందే. హన్మకొండ చౌరస్తాలో కూరగాయలమ్మే ఆవిడ దగ్గరా క్యూఆర్ కోడ్ ఉంది. ఒకప్పుడు ల్యాండ్‌లైన్ ఉన్న ఇల్లంటే వీధిలో ఒక లెక్క. ఇప్పుడు నెట్‌తో అలాంటి గుర్తింపేమీ రాదు. పైగా మీ ఇంట్లో బ్లౌజుల ఆర్డర్లు వాట్సాప్‌లోనే వస్తున్నాయన్నారు. వైఫై ఉంచుకోండి, ఓటీటీలు లేని చిన్న ప్లాన్‌కి మారండి. జీఎస్టీతో కలిపి 500 లోపే అవుతుంది.

నన్ను ఆపింది ఆ డెంగ్యూ మాట. మీరేమో దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. తర్వాత పంపిన వివరాలు చూస్తే అసలు కథ అక్కడే ఉంది. కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది, కానీ పాపను చేర్చిన ఆసుపత్రి క్యాష్‌లెస్ లిస్టులో లేదు. ముందు డబ్బు కట్టమన్నారు. ఖాతాలో 1,400 ఉంది. రాత్రికి రాత్రి యాప్‌లో 30,000 అడిగితే ఫీజులు పోను 27,300 పడ్డాయి. నెలకు 5,800 చొప్పున ఆరు నెలలు కడితే 34,800. అంటే చేతికొచ్చిన దానిమీద ఆరు నెలల్లో 7,500 ఎక్కువ! ఇన్సూరెన్స్ డబ్బు యాభై రోజులకు వచ్చింది. దాంతో అప్పు తీర్చారా? లేదు, కొత్త ఫోన్‌కి డౌన్ పేమెంట్ కట్టారు.

నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలాంటివే. ఇంట్లో వైఫై, చేతిలో మంచి ఫోన్, గోడకు పెద్ద టీవీ, జీతం ఆగితే పది రోజులకు సరిపడా డబ్బు మాత్రం ఉండదు. పాలసీ ఉన్నా చేతిలో నగదు ఉండాలని ఆ రాత్రి మీకు తెలిసొచ్చింది కదా, మళ్ళీ మర్చిపోయారు. అలాంటి రాత్రి కోసం పక్కన పెట్టుకునే నగదునే అత్యవసర నిధి అంటారు. చిట్టీ ఉంది కదా అంటారేమో. నెలకు ఒక్కరే ఎత్తుకుంటారు, జ్వరం చిట్టీ పాట తేదీ చూసుకుని రాదు.

ఇప్పుడు ఆ 1.5 లక్షలు. మీ బాకీలన్నీ కలిపినా 70 వేలు దాటవు. మిగతా 80 వేలు ఎందుకు? "ల్యాప్‌టాప్ కూడా చూద్దామని" అని రాశారు. దీన్ని అప్పు తీర్చడం అనరండీ! యాప్ పంపే వివరాల పత్రంలో ఏడాదికి మొత్తం వడ్డీ శాతం రాసి ఉండాలి, ఒకసారి తెరిచి చూడండి. మిగిలిన మూడు కిస్తీలు భారమైతే బ్యాంకులో బంగారం పెట్టడం నయం, అది కూడా 17,400కే.

ఒక ఫోన్ ఈఎంఐ రెండు నెలల్లో అయిపోతుంది. ఆ 2,400ని అదే తేదీకి వేరే బ్యాంకు ఖాతాలో వేయండి, దానికి యూపీఐ కలపొద్దు. యాప్ కిస్తీలు అయ్యాక ఆ 5,800 కూడా అక్కడికే. ఇంటి ఖర్చు నెలకు 30,000 అన్నారు కాబట్టి ముందు ఒక నెలది, తర్వాత మూడు నెలలది, 90,000 చేరేదాకా ఆపకండి. సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత పెట్టడం) గురించి అప్పుడు రాయండి. కుటుంబానికి సొంత హెల్త్ పాలసీ ఈ ఏడాదే తీసుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వాటి ప్రీమియం మీద జీఎస్టీ లేదు.

రీఛార్జి సంగతి ఒకటుంది. 28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి 13 సార్లు. మూడో ఫోన్ నర్సంపేటలో ఉన్న మీ అమ్మగారిది, అదీ కీప్యాడ్ ఫోన్ అన్నారు. దానికి రోజుకి ఒకటిన్నర జీబీ ఎందుకండీ? టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాక డేటా లేకుండా కాల్స్ మాత్రమే ఉండే ప్యాకులు వచ్చాయి, 84 రోజులకు 450 దగ్గర్లో దొరుకుతాయి. ఆమె రీఛార్జి ఎప్పుడు అయిపోతుందో ఈరోజే చూడండి.